మంచి భోజనం ఎక్కడ దొరుకుతుంది? పూటకూటిల్లు నుంచి సుషి వరకు

పరిచయం

విశాఖపట్నానికి మొదటిసారి వెళ్ళిన యాత్రికుడు ఒకరు, "ఈ ఊళ్ళో మంచి సుషి ఎక్కడ దొరుకుతుంది?" అని అడిగారనుకోండి. సుషి అంటే పులుపు కలిపిన అన్నంతో, ఎక్కువగా చేపను చేర్చి చేసే జపాను వంటకం. దీనికి ఆటో డ్రైవరు ఒక జవాబు చెబుతాడు. లాడ్జి గుమాస్తా ఇంకొకటి చెబుతాడు. చరిత్ర విద్యార్థిగా మీరు వెతకవలసిన జవాబు ఈ రెంటికంటే భిన్నమైనది. ఆ వంటకం అక్కడికి ఎవరి కోసం వచ్చింది? ఏ దారిన వచ్చింది? అక్కడ కూర్చుని తినగలిగినవారు ఎవరు? భోజనశాలను చారిత్రక ఆధారంగా చదవడం అంటే ఈ ప్రశ్నలు వేయడమే.

ఈ పాఠం చదువుతున్న మీలో కొందరు చిలమత్తూరులోనో, లేపాక్షిలోనో, హిందూపురంలోనో ఉండవచ్చు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో, వాన సరిగా పడని పీఠభూమి మీద ఉన్నవారికి సుషితో పని ఏమిటని మీకు అనిపించవచ్చు. నిజానికి ఈ విషయాన్ని పరిశీలించడానికి మీ ప్రాంతం విశాఖపట్నం కంటే అనువైనది. సముద్రం పక్కన ఉన్నంత మాత్రాన మంచి సుషి దొరకదు, సముద్రం లేనంత మాత్రాన దొరకకుండా పోదు. భోజనశాల ఎప్పుడూ దారినీ, ఆ దారిన వచ్చే మనిషినీ వెంబడిస్తుంది. పంటనూ, చేపనూ వెంబడించడం చాలా తక్కువ. ఈ మాట ఎంతవరకు నిలుస్తుందో కొన్ని ఆధారాలతో పరిశీలిద్దాం.

ఒక రూకకు భోజనం

"ఈ పట్నంలో ఎక్కడ తింటే బాగుంటుంది?" అన్న ప్రశ్నకు తెలుగులో చాలా పాత జవాబు ఉంది. 15వ శతాబ్దానికి చెందిన వినుకొండ వల్లభరాయని 'క్రీడాభిరామం'లో మంచనశర్మ, టిట్టిభసెట్టి అనే ఇద్దరు మిత్రులు కాకతీయుల ఓరుగల్లు వీధుల్లో ఒక రోజంతా తిరుగుతారు. ఆ తిరుగుడులో పూటకూటింటి ప్రస్తావన వస్తుంది. పూటకు ఇంతని సొమ్ము తీసుకుని కూడు పెట్టే ఇల్లు కాబట్టి అది పూటకూటిల్లు. అక్కడ ఒక్క రూకకు సువాసన గల అన్నం, గోధుమ పిండివంట, పంచదార, కొత్తగా కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపండ్లు, నాలుగైదు నంజుళ్ళు, గడ్డపెరుగు దొరికేవని కవి చెబుతాడు. ధర, పదార్థాల పట్టిక, యజమాని పేరు, ఈ మూడూ ఒకే పద్యంలో ఉన్నాయి.

కవిత్వాన్ని ఉన్నదున్నట్లు చరిత్రగా తీసుకోకూడదని మీరు ముందు పాఠాల్లో చదివారు. అయినా ఇలాంటి వివరాలను పక్కన పెడితే సామాన్యుల జీవితం గురించి మనకు మిగిలేది బహు కొద్ది. సురవరం ప్రతాపరెడ్డి 1949లో ప్రచురించిన 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర'లో కావ్యాలనుంచి తిండి, బట్ట, ఆట, పాట, అంగడి వివరాలను ఏరి పేర్చారు. రాజుల వరుసక్రమానికి అలవాటుపడిన మన చరిత్ర రచనకు అది కొత్త దారి చూపింది. 'క్రీడాభిరామం' ఆయనకు ముఖ్యమైన ఆధారాల్లో ఒకటి.

ఆ పట్టికను మరోసారి చూడండి. అందులో మాంసం లేదు, చేప లేదు. ఇంటి యజమాని పేరునుబట్టి అది బ్రాహ్మణుల ఇల్లని తెలుస్తుంది. ఓరుగల్లులో అందరూ తినేది ఇదేనని దీనినుంచి చెప్పలేం. ఊరుగాని ఊరు వచ్చి, చేతిలో రూక ఉండి, ఆ పంక్తిలో కూర్చోవడానికి అర్హుడైన బాటసారి తినేది ఇది. 'మంచి భోజనం' అన్న మాట వినగానే 'ఎవరికి మంచి?' అని అడగడం ఇక్కడినుంచే అలవాటు చేసుకోండి.

పూటకూళ్ళు నడపడం తరువాతి కాలంలో దిక్కులేని స్త్రీలకు బతుకుతెరువు కూడా అయింది. గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం' 1892లో మొదటిసారి ప్రదర్శితమై 1897లో అచ్చయింది. అందులో విజయనగరంలో పూటకూళ్ళు పెట్టే వితంతువుకు సొంత పేరే లేదు. అందరికీ ఆమె పూటకూళ్ళమ్మే.

మజిలీల దారి, కరవు దారి

మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న మద్రాసు నుంచి కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి వచ్చారు. వెళ్ళేటప్పుడు కడప, కర్నూలు, హైదరాబాదుల మీదుగా వెళ్ళారు. వచ్చేటప్పుడు గంజాం, విశాఖపట్నం, రాజమహేంద్రవరం మీదుగా తీరం వెంబడి వచ్చారు. ఆయన రాసిన 'కాశీయాత్ర చరిత్ర'లో దేవాలయాల వర్ణన ఉన్నట్లే, ప్రతి మజిలీలోనూ నీటి వసతి ఎలా ఉంది, అంగళ్ళు ఉన్నాయా, దిగడానికి చోటు ఉందా అన్న వివరాలూ ఉంటాయి. ఆయన వెంట పెద్ద పరివారం ఉంది, వంట వారే చేసుకునేవారు. అందువల్ల ఆయన వెతికింది వండుకోవడానికి బియ్యం, కట్టెలు, బావి. డబ్బున్న ప్రయాణికుడికి కూడా 'భోజనశాల' తప్పనిసరి కాని కాలం అది.

ఆ తరువాత నలభై అయిదేళ్ళకు ఇదే దక్కను దారుల్లో జనం మరో రకంగా తిండి వెతుక్కుంటూ నడిచారు. 1876–78 కరవు కాలానికి నేటి అనంతపురం ప్రాంతం బళ్ళారి జిల్లాలో భాగం. అనంతపురం జిల్లా 1882లో ఏర్పడింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరవు పనుల్లో ఉన్న మనిషికి రోజుకు ఒక పౌండు ధాన్యం, అంటే సుమారు 450 గ్రాములు చాలునని కూలి తగ్గించాడు. దానితో రాళ్ళు కొట్టే మనిషి బతకలేడని మద్రాసు పారిశుధ్య కమిషనరు కార్నిష్ వాదించాడు. ఆ వివాదం దస్త్రాల్లో పేజీలకు పేజీలు ఉంది. తిండి గురించి ఇంత వివరంగా రాసిన ప్రభుత్వ పత్రాలు ఈ ప్రాంతానికి అంతకుముందు లేవంటే అతిశయోక్తి కాదు. అవి పుట్టినది ఆకలి లెక్క కోసం కావడం గమనించండి.

ఈ నేపథ్యాన్ని ఇక్కడ ఎందుకు చెబుతున్నామంటే, చిలమత్తూరు ప్రాంతపు తిండిని వర్ణించేటప్పుడు రాగి సంగటి, ఊరిబిండి, ఉగ్గాని, ఓళిగలు అని ముచ్చటగా పేర్లు చెప్పి ఊరుకోవడం ఈ మధ్య ఎక్కువైంది. రాగి ఇక్కడి ముద్ద కావడానికి రుచి ఒక్కటే కారణం కాదు. అది తక్కువ నీటితో పండుతుంది, ఏళ్ళతరబడి గాదెలో పాడవకుండా నిలుస్తుంది. ఇక చేప అంటే చెరువు నిండిన ఏడాది చెరువు చేప, మిగతా కాలమంతా సంతలో దొరికే ఎండుచేప. ఉప్పు పట్టించి ఎండబెట్టకపోతే సముద్రపు చేప పీఠభూమి ఎక్కేది కాదు.

చెరువులో పుట్టిన సుషి

ఇక్కడినుంచి జపానుకు వెళ్దాం. ఆశ్చర్యం ఏమిటంటే, సుషి మొదట ఈ ఎండుచేప లాంటిదే, చేపను నిల్వ చేసే పద్ధతి. ఉప్పు పట్టించిన చేపను అన్నం మధ్య అదిమి నెలల తరబడి పులియబెడితే ఆ పులుపు చేపను కాపాడుతుంది. తరువాత అన్నం పారేసి చేప తినేవారు. ఈ పద్ధతి ఆగ్నేయాసియాలో వరి పండే నదీలోయల్లో పుట్టి జపానుకు చేరిందని ఆహార చరిత్రకారుల్లో ఎక్కువమంది అభిప్రాయం. 8వ శతాబ్దపు జపాను శాసనాల్లో పన్నుగా చెల్లించదగిన వస్తువుల్లో ఇలాంటి చేప కూడా ఉంది. ఈ పాత పద్ధతి నేటికీ నిలిచి ఉన్న ప్రసిద్ధ స్థలం సముద్రతీరం కాదు, బీవా అనే మంచినీటి సరస్సు. అక్కడ చెరువు చేపతోనే ఆ వంటకం చేస్తారు.

నేడు మనం బొమ్మల్లో చూసే సుషి, పులుపు అన్నపు ముద్ద మీద చేప ముక్క, 1820ల నాటి ఎదో నగరంలో రూపుదిద్దుకుంది. ఎదో అంటే నేటి టోక్యో. హనాయా యోహేయ్ అనే వర్తకుడికి ఈ కీర్తి ఇస్తారు. పులియబెట్టడానికి బదులు అన్నంలో పులిసిన నీరు, అంటే సిర్కా కలిపితే నెలల పని నిమిషాల్లో అయిపోతుంది. కొనుక్కుని తినేవారు ఎవరు? పని కోసం పల్లెలనుంచి నగరానికి వచ్చిన ఒంటరి మగవాళ్ళు ఎందరో. వీధి బండి దగ్గర నిలబడి చేత్తో తిని పోయేవారు. అప్పట్లో అది మన బజ్జీల బండి స్థాయి తిండి. ఖరీదైన హోటళ్ళలో ఇప్పుడు దాన్ని అందుకుంటున్నవారికి ఈ సంగతి చెబితే నమ్మరేమో.

టోక్యో పద్ధతి దేశమంతటా పరచుకోవడానికి రెండు విపత్తులు తోడ్పడ్డాయి. 1923 భూకంపంలో నగరం నాశనమయ్యాక వంటవాళ్ళు సొంత ఊళ్ళకు చెదిరిపోయి అక్కడ అంగళ్ళు పెట్టుకున్నారు. రెండవ ప్రపంచయుద్ధం తరువాత బియ్యం కొరత వల్ల 1947లో భోజనశాలలను నిలిపివేసినప్పుడు, సుషివాళ్ళు ఒక ఉపాయం పట్టారు. వినియోగదారుడు తన రేషను బియ్యం తెస్తాడు, అంగడివాడు కూలి తీసుకుని సుషి చేసి ఇస్తాడు. కాబట్టి ఇది భోజనం అమ్మడం కాదు, బియ్యం మార్చి ఇవ్వడం! ఒక గో బియ్యానికి, అంటే సుమారు 150 గ్రాములకు, పది ముక్కలు అని లెక్క కుదిరింది. ఈ అనుమతి టోక్యో పద్ధతికే దొరకడంతో మిగతా ప్రాంతాల సుషి రకాలు వెనుకబడ్డాయి. రేషను కార్డు ఒక వంటకం రూపాన్ని నిర్ణయించిన సందర్భం ఇది. 'జాతీయ వంటకం' అనే మాట ఎక్కడ కనిపించినా ఇలాంటి కారణం వెనుక ఉందేమో వెతకండి.

ఆ తరువాతి కథను త్వరగా చెప్పుకోవచ్చు. 1958లో ఒసాకాలో కదిలే పట్టీ మీద పళ్ళాలు తిరిగే చౌక అంగడి వచ్చింది. 1960లలో అమెరికాలోని లాస్ ఏంజిలిస్‌కు వలస జపానీయుల పేటనుంచి సుషి వ్యాపించింది. 1970లలో కెనడా తీరపు ట్యూనా చేపను విమానంలో టోక్యోకు పంపడం మొదలైంది. 1980లలో నార్వే తన సాల్మన్‌ను జపానుకు అమ్మడానికి ఏళ్ళ తరబడి ప్రచారం చేసింది. ఈ చివరి రెండింటితో చేపకూ తీరానికీ ఉన్న బంధం తెగిపోయింది.

మూడు ఊళ్ళు

ఇప్పుడు మన యాత్రికుడి ప్రశ్నకు తిరిగి వద్దాం. విశాఖపట్నం చేపల రేవులో ట్యూనా దిగుతుంది. అక్కడి మత్స్యకారులు దాన్ని సూర అంటారు. జపానుతో ఈ నగరానికి పాత సంబంధమే ఉంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని జపాను ఉక్కు కర్మాగారాలకు పంపడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ రైలుమార్గం వేశారు. ఆంధ్ర రొయ్యలకు కూడా చాలాకాలం జపాను ముఖ్యమైన మార్కెట్టు. అంతకుముందే 1907లో మద్రాసు మత్స్యశాఖకు పునాదులు వేసిన సర్ ఫ్రెడరిక్ నికల్సన్ జపాను వెళ్ళి అక్కడి చేపల పరిశ్రమ మీద నివేదిక రాశారు.

అయినా, ఖనిజం, రొయ్య, నివేదిక ఓడ ఎక్కి వెళ్ళిపోయే వస్తువులు. భోజనశాల నిలవాలంటే మనుషులు వచ్చి ఉండిపోవాలి, రోజూ తినాలి, బాగా లేకపోతే చెప్పాలి. పైగా పచ్చిగా తినే చేపకు రేవు దగ్గర ఉండడం చాలదు. పట్టిన వెంటనే పడవలోనే మంచులో పెట్టాలి. ట్యూనా వెచ్చగా ఉండిపోతే అందులో హిస్టమిన్ అనే పదార్థం పెరుగుతుంది, తరువాత ఎంత వండినా అది పోదు. పురుగుల భయం లేకుండా ఉండాలంటే మైనస్ 20 డిగ్రీల్లో ఏడు రోజులు గడ్డకట్టించాలని అమెరికా ఆహార సంస్థ సూచన. అందువల్ల మంచి సుషి అంగట్లో చేప చాలావరకు ఒకసారి గడ్డకట్టి కరిగినదే. 'ఇప్పుడే సముద్రంలోంచి తెచ్చాం' అన్న మాట పులుసుకు మెచ్చుకోలు కావచ్చు, పచ్చి చేపకు హెచ్చరిక. విశాఖలో సుషి తినదలచినవారు సముద్రం ఎంత దూరమని అడగనక్కరలేదు. చేపను ఎలా నిల్వ చేశారు, అన్నం ఎప్పుడు వండారు, వంటవాడు ఎక్కడ నేర్చాడు అని అడగాలి.

రెండవ ఊరు బెంగళూరు. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న ఆ నగర శివార్లలోని బిడదిలో 1999లో టయోటా కార్ల ఉత్పత్తి మొదలైంది. జపాను ఉద్యోగులు కుటుంబాలతో వచ్చారు, జపాను భోజనశాలలూ వచ్చాయి. 2008లో దేవనహళ్ళి దగ్గర కొత్త విమానాశ్రయం తెరిచారు. చిలమత్తూరు నుంచి 44వ జాతీయ రహదారి ఎక్కితే బెంగళూరుకు ముందు వచ్చేది అదే.

మూడవది పెనుకొండ, మీ పక్కనే ఉన్నది. 1565 తళ్ళికోట యుద్ధం తరువాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు. ఆ మండలంలోని యర్రమంచి దగ్గర కార్ల కర్మాగారం కట్టడానికి కొరియా సంస్థ కియా 2017 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది. 2019 డిసెంబరు 5న కర్మాగారం ప్రారంభమైంది. హంద్రీ–నీవా కాలువతో నిండే గొల్లపల్లి జలాశయం నుంచి దానికి నీరు ఇస్తున్నారు. సేద్యానికి నీరు చాలని జిల్లాలో ఈ కేటాయింపు చర్చకు రావడం సహజమే. కర్మాగారంతో పాటు పెనుకొండ, హిందూపురం, అనంతపురం ప్రాంతాల్లో కొరియా లిపిలో బోర్డులు, కొరియా భోజనం పెట్టే హోటళ్ళు కనిపించసాగాయి. ఆ భోజనంలో కింబాప్ ఒకటి. అన్నాన్ని, కూరముక్కలను సముద్రపు నాచు రేకులో చుట్టి, నువ్వులనూనె రాసి, బిళ్ళలుగా కోస్తారు. చూడడానికి సుషి చుట్టలాగే ఉంటుంది. 1910–45 మధ్య జపాను పాలనలో అది కొరియాకు వచ్చిందని కొందరు, నాచులో అన్నం చుట్టడం కొరియాలో అంతకంటే పాతదని కొందరు వాదిస్తారు. వలసపాలన జ్ఞాపకం ముడిపడి ఉన్నందువల్ల ఆ వాదన వంటింటితో ఆగదు.

కరవు పీఠభూమి మీద సముద్రపు నాచు దొరకడం మొదట వింతగా తోస్తుంది. తమిళనాడులోని శ్రీపెరుంబుదూరులో 1998లో హ్యుందాయ్ కార్ల ఉత్పత్తి మొదలైనప్పుడు చెన్నైలో జరిగినది కూడా ఇదేనని గుర్తుచేసుకుంటే వింత పోతుంది. ఓరుగల్లు పూటకూటిల్లు, ఎదో వీధి బండి, పెనుకొండ కొరియా హోటలు, మూడూ ఊరు విడిచి వచ్చిన మనిషి ఆకలి మీద నిలిచినవే.

తలుపు ఎవరికి తెరిచింది?

ఊరు విడిచి వచ్చినవారందరికీ తలుపు ఒకేలా తెరవలేదు. మద్రాసు రాష్ట్రంలోని రైల్వే భోజనశాలల్లో ఒకప్పుడు బ్రాహ్మణులకు, ఇతరులకు వేరు వేరు గదులు ఉండేవి. పల్లెల్లో టీ బంకుల దగ్గర దళితులకు వేరే గ్లాసు పెట్టే 'రెండు గ్లాసుల పద్ధతి' అంతకంటే ఎక్కువ కాలం నిలిచింది. భారత రాజ్యాంగం 15వ అధికరణలోని రెండవ ఖండం అంగళ్ళు, భోజనశాలలు, హోటళ్ళలో ప్రవేశాన్ని కులం, మతం వంటి కారణాలతో ఎవరికీ నిరాకరించరాదని పేరుపెట్టి చెప్పింది. ప్రాథమిక హక్కుల మధ్య హోటలు మాట ఎందుకు వచ్చిందో మొదటిసారి చదివినవారికి అర్థం కాకపోవచ్చు. పంక్తిలోంచి లేపబడినవారికి ఆ మాట ఎంత అవసరమో తెలుసు. 1955 అస్పృశ్యత నేరాల చట్టం దీనికి శిక్షలు చేర్చింది. 1976లో దాని పేరు పౌరహక్కుల పరిరక్షణ చట్టంగా మారింది.

ఇప్పటి అడ్డుగోడలు వేరు. పెనుకొండ కొరియా హోటల్లో ఎవరి కులమూ అడగరు. కాని ధరల పట్టిక, దాని మీది లిపి, ఎవరు లోపలికి రావచ్చో ముందే చెబుతాయి. పక్క పల్లె మనిషి ఆ హోటల్లో అతిథిగా ఉన్నాడా, కూరగాయలు తరుగుతూ ఉన్నాడా అన్నది మీరు స్వయంగా చూసి రాయదగిన విషయం.

క్షేత్ర అభ్యాసం

చిలమత్తూరు మండలంలోని కొడికొండ చెక్‌పోస్టు దగ్గర లేదా మీకు దగ్గరలో ఉన్న రహదారి మీద ఒక భోజనశాలను ఎంచుకోండి. పేరున్నదే కావాలని లేదు, లారీలు ఆగేది అయితే మరీ మంచిది. అది ఎప్పుడు పెట్టారు, మొదట ఎవరి కోసం పెట్టారు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు ఏమైంది, బియ్యం, చేప, కోడి ఎక్కడినుంచి వస్తాయి, వంటవాళ్ళ సొంత ఊరు ఏది, పట్టికలో కొత్తగా చేరినవి ఏవి, తీసేసినవి ఏవి అని అడిగి నాలుగు పుటలకు మించకుండా రాయండి. యజమాని చెప్పినదాన్ని, పనివాళ్ళు చెప్పినదాన్ని విడివిడిగా రాసుకోండి, రెండూ ఎక్కడ కలవవో అక్కడ గీత గీయండి. పాత ధరల బోర్డు గోడ మీద మిగిలి ఉంటే తేదీతో సహా నకలు తీసుకోండి. వంటగదిలోకి వెళ్ళే ముందు అనుమతి అడగండి. మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల మధ్య మాత్రం వెళ్ళకండి, ఆ వేళలో మీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు.